మైకమ్మ పిప్పరమెంటు డబ్బా

ఆ బస్టాండులో మైకమ్మ గొంతు తెలియనివాళ్లు లేరు, ముఖం తెలిసినవాళ్లు తక్కువ. అద్దాల గదిలో కూర్చుని పద్దెనిమిదేళ్లుగా బస్సుల రాకపోకలు చెబుతోంది. గొంతు బొంగురుపోకుండా బుగ్గన ఒక పిప్పరమెంటు బిళ్ల పెట్టుకునేది. అది కరగ్గానే ఇంకొకటి. మైకు పక్కన రేకు డబ్బా ఖాళీ అయిన పాపాన పోలేదు.

అలాంటి మనిషికి ముందు పన్ను మొదట్లో నల్లటి గుంట పడింది. పళ్ల డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, "దవడ పళ్లలోనూ పుచ్చులున్నాయి. ఈ ముందుది ఇలాగే వదిలేస్తే పీకాల్సి వస్తుంది" అంది. ముందు పన్ను లేని నోట్లోంచి మాటకంటే ముందు గాలే వస్తుంది. అలాంటి నోటిని మైకు ముందు ఎవరు కూర్చోనిస్తారు?

"వారం రోజులు మీరేం తిన్నా, ఎన్నింటికి తిన్నారో రాసి తీసుకురండి" అంది డాక్టరమ్మ.

రాయడంలో మైకమ్మకు వంక పెట్టలేం. ఏడూ నలభైకి టిఫిను, ఒంటిగంటా పదికి భోజనం, నాలుగింటికి చక్కెర లేని టీ. వారం తర్వాత డాక్టరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"ఇంత పద్ధతిగా తినే మనిషికి ఇన్ని పుచ్చులేంటండీ?"

సరిగ్గా అప్పుడే మైకమ్మ బుగ్గలో ఏదో పంటికి తగిలి టక్కుమంది.

"అదేంటి?"

"పిప్పరమెంటండి. గొంతు కోసం. తిండి కాదుగా."

ఎంత అమాయకత్వం చూడండి. రోజుకు పాతిక బిళ్లలు చప్పరిస్తూ, ఒక్కటీ రాయలేదు మహాతల్లి.

డాక్టరమ్మ నవ్వలేదు. "పంటికి అది చక్కెరేనండి. తీపి తగిలినప్పుడల్లా నోట్లో పులుపు పుట్టి పంటిని తింటుంది. మళ్లీ కోలుకోవడానికి పంటికి కాస్త తీరిక కావాలి. మీరు ఇవ్వడం లేదు. గుంటలు నేను పూడుస్తాను. బిళ్లలు మానకపోతే మాత్రం నేను పూడ్చడం, మీరు తవ్వడమే."

"మరి నా గొంతు?"

"గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగండి. మరీ ఉండలేకపోతే భోజనంతోపాటు ఒక్క బిళ్ల."

మొదటి వారం ప్రాణం పోయినట్టే ఉంది. చెయ్యి దానంతటదే డబ్బా మీదికి పోయేది.

"ఒక్కటేసుకో అక్కా, డాక్టరమ్మ వచ్చి చూస్తుందా ఏంటి" అన్నాడు పక్క బల్ల దగ్గరి కంట్రోలరు.

"ఆవిడ చూడక్కర్లేదయ్యా. రేపు నా నోట్లోంచి ఈలలొస్తే బస్టాండంతా వింటుంది" అని మైకమ్మ డబ్బా తీసి అతని బల్ల సొరుగులో పడేసింది. మైకు పక్కకు నీళ్ల సీసా వచ్చింది.

ఆరు నెలలకు డాక్టరమ్మ మళ్లీ అద్దం పెట్టి చూసింది. పన్ను నిలిచింది. మైకమ్మ సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి ఇచ్చింది. ఆరు నెలల తిండీ, ఒక్క పూట తప్పకుండా, అందులో ఉంది. ఒకచోట మాత్రం, "మూడూ ఇరవై, ఒక బిళ్ల. ఉండలేకపోయాను."

డాక్టరమ్మ పుస్తకం మూసింది. "ఇంక రాయక్కర్లేదండి."

"రాస్తానండి" అంది మైకమ్మ. "రాయకపోతే బిళ్ల మళ్లీ తిండి కాదనిపిస్తుంది."