నాన్నగారి తలపాగా పీలికలు

ఆగిరిపల్లి వైపు తోటలన్నీ పరాయివాళ్ల పరమయ్యాక మాకు మిగిలినవి ఇల్లూ, నాన్నగారి జరీ తలపాగా. పందొమ్మిది వందల అరవైల్లో ఒక వేసవి మధ్యాహ్నం ఆయనకు ఊపిరి అందలేదు. ఛాతీలో నీళ్లు మరుగుతున్న చప్పుడు. పెదవుల మీద గులాబీరంగు నురగ.

మా ఇళ్లలో మంచం మీద ప్రాణం పోకూడదు. మేనత్త అప్పటికే సావిట్లో నేల అలికి దర్భలు పరిచింది.

"కిందకి దించరా. మీ తాతని ఇలాగే దించాం. మీ నాన్న మంచం మీద పోతే నలుగురూ ఏమంటారు?"

దించాను. వెల్లకిలా పడుకోబెట్టగానే ఆయన కళ్లు తేలవేశారు.

అదే సమయానికి, కబురందిన నూజివీడు డాక్టరు మామిడికాయల లారీ దిగి వచ్చారు.

"లేపండి, లేపండి! పడుకోబెడితే నీళ్లలో ముంచినట్టేనండీ. కుర్చీలో కూర్చోబెట్టి కాళ్లు వేలాడదీయండి."

సూదిమందు వేశారు. తరవాత సంచిలోంచి రబ్బరు గొట్టం తీశారు. ఒక్కటే ఉంది.

"గుండె తోడలేకపోతోందండీ. అక్కడికి వచ్చే రక్తాన్ని కాసేపు కాళ్లల్లో, చేతుల్లో ఆపాలి, కాలవకి అడ్డుకట్ట వేసినట్టు. కాళ్లూ చేతుల్లో మూడింటికి కడదాం, నాలుగోది వదిలేద్దాం. పావుగంటకోసారి మార్చాలి. నాడి మాత్రం ఆగకూడదు. గుడ్డేదైనా ఉందా?"

చేతికందే దూరంలో, కొక్కేనికి తలపాగా ఉంది.

"అదేంట్రా! మీ తాత కట్టిన పాగా!" అంది అత్త.

నాన్నగారికి మాట రావడం లేదు. వద్దని తల ఊపారు. జీవితంలో ఆయన మాట కాదన్నవాణ్ణి కాను. చించాను. ఆ చప్పుడుకు ఆయన కళ్లు మూసుకున్నారు.

కట్టాను, విప్పాను, మళ్లీ కట్టాను. పాదం మీద నాడి దొరకకపోతే ముడి కాస్త వదులు చేశాను. కట్టిన కాళ్లు నేరేడు రంగుకు తిరిగాయి. "ఉరేసినట్టుందిరా" అని అత్త ఏడ్చింది. ఆయన ముఖం చూడడం మానేసి ముళ్లు మాత్రమే చూశాను.

పొద్దు వాలే వేళకు ఛాతీలో మరుగుతున్న చప్పుడు తగ్గింది.

"అక్కా," అన్నారు నాన్నగారు, "నీ అలుకు ఆరిపోయింది."

"నోరు మూసుకుని ఊపిరి పీల్చు, వెధవా!"

డాక్టరు కట్లను ఒక్కొక్కటిగా, మధ్యలో ఆగి ఆగి విప్పారు. అన్నీ ఒకేసారి విప్పితే ఆగిందంతా మళ్లీ గుండె మీద పడుతుందట. వీధి గుమ్మం దగ్గర అడిగాను.

"మళ్లీ వస్తుందాండీ?"

"వస్తుందండీ. ఆ గుడ్డలు దగ్గర పెట్టుకోండి."

లోపలికి వచ్చేసరికి అత్త పీలికలను ఉతికి, కుర్చీ చేతి మీద వరసగా ఆరేస్తోంది. దర్భలు మాత్రం తీయలేదు.