విమానం అసలు పేరు

బారెలీ రేవులో అతన్ని చివరిదాకా ఆస్బర్ట్ అనే పిలిచిన మనుషులు ఇద్దరే. ఒకరు కన్నతల్లి, ఆవిడ ఎప్పుడో పోయింది. రెండో మనిషి భార్య యూలిన్. మిగతా సెయింట్ విన్సెంట్ దీవి మొత్తానికి అతను విమానం. చేపలు కొనడానికి వచ్చే బయటి ఊళ్ళవాళ్ళు కూడా "విమానం ఇల్లెక్కడ?" అనే అడుగుతారు. ఒక ఆదివారం పాస్టరే నోరుజారి "మన సోదరుడు విమానానికి స్వస్థత దయచేయి తండ్రీ" అని ప్రార్థించాడు. చర్చిలో ఒక్కరూ నవ్వలేదు. అందులో నవ్వాల్సింది ఉందని ఎవరికీ తోచలేదు.

ఆ పేరు ఫుట్‌బాల్ వల్ల వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆస్బర్ట్ దేశం జట్టుకి గోల్‌కీపరు. దేశం జట్టంటే ఏదో గొప్పగా ఊహించుకోవద్దు. జెర్సీలు చాలక, ఆట మధ్యలో దిగేవాడు బయటికొచ్చినవాడి చెమట జెర్సీయే తొడుక్కునేవాడు. పక్క దీవికి ఆడబోవాలంటే అరటిగెలలు మోసే పడవలో, గెలల మధ్య నక్కి వెళ్ళేవాళ్ళు. రేవులో దిగేసరికి సగంమంది వాంతులతో తోటకూర కాడల్లా వేలాడుతుండేవాళ్ళు. అలా దిగి, ఆ మధ్యాహ్నమే ఆడి, చాలాసార్లు ఓడి, మళ్ళీ అదే పడవెక్కి వచ్చేవాళ్ళు. అయినా ఆటకి ముందు రేడియోలో అందరి పేర్లూ చదివేవారు. "గోల్‌లో, బారెలీకి చెందిన ఆస్బర్ట్ థియోఫిలస్ బైనో." ఆ ఒక్క ముక్క కోసం అతని తల్లి చేప పొలుసు అంటిన చేతులతో పక్కింటి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడేది.

ఆ సంవత్సరం దీవుల పోటీలో ఆఖరి ఆట పక్క దీవి సెయింట్ లూషియాతో, సొంతగడ్డ మీద, ఆర్నోస్ వేల్ మైదానంలో. గెలవక్కర్లేదు, ఓడకుండా ఉంటే చాలు, కప్పు మనది. యూలిన్‌కి అప్పటికి అతనితో పరిచయం లేదు. అక్కలతో కలిసి వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ జనంలో కూర్చుంది. ఆ రోజుల్లో విమానాశ్రయం మైదానం పక్కనే ఉండేది. దిగే విమానం పొట్ట కనిపించేంత కిందుగా జనం నెత్తిమీదుగా వచ్చేది. వస్తే చాలు, బేరం ఆడేవాళ్ళు బేరం ఆపి, తిట్టుకునేవాళ్ళు తిట్లు ఆపి తలెత్తేవాళ్ళు. ఎవరొస్తున్నారో కింద నుంచి ఏమీ కనపడదు. అయినా చూసేవాళ్ళు.

ఆట అయిపోబోతుండగా విమానం వచ్చింది. మైదానమంతా తలెత్తింది. యూలిన్ కూడా ఎత్తింది. తల దించేసరికి బంతి మన వలలో ఉంది.

ఆ గోల్ పడటం చూసినవాళ్ళు ఇద్దరే. మధ్యగీత దగ్గర నుంచి గుడ్డిగా తన్నిన లూషియా ఆటగాడు ఒకడు. వెనక్కి తిరిగిన మన కెప్టెన్ గార్నెట్ ఇంకొకడు. గార్నెట్ తిరిగేసరికి ఆస్బర్ట్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. బంతి అతని పక్కనే ఒక గెంతు గెంతి, దారి తెలిసినదానిలా లోపలికి పోయింది. దానితోపాటే కప్పూ పోయింది.

మర్నాటికల్లా పేరు పడిపోయింది. ఎవడు పెట్టాడో తెలియదు. లూషియావాళ్ళు డబ్బిచ్చారని కొందరన్నారు. ఆ విమానంలో ప్రియురాలు దిగుతోందని ఇంకొందరన్నారు. పెళ్ళయిన కొత్తలో యూలిన్ ఉండబట్టలేక అడిగేసింది.

"అసలెందుకు చూశావు?"

"వచ్చింది, చూశాను. నువ్వెందుకు చూశావు?"

అందరూ చూశారు. పేరు మాత్రం ఒక్కడికి పెట్టారు.

మళ్ళీ అతన్ని జట్టులోకి పిలవలేదు. ముప్పై నిండకముందే ఆట ముగిసింది. బారెలీలో వలలు బాగుచేసే పనిలోకి దిగాడు. బంతిని పట్టే చేతులు కాబట్టి పని బాగానే అబ్బింది. బస్సెక్కితే వెనక సీటు నుంచి "విమానం, పైకి చూడవోయ్!" అని ఎవడో అరిచేవాడు, బస్సంతా గొల్లుమనేది. అతనూ నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అరుస్తారని తెలుసు. ఇంటికొచ్చాక అన్నం పళ్ళెం ముందు మాటా పలుకూ లేకుండా కూర్చునేవాడు. ఆ మౌనం ఎక్కడ నుంచి వచ్చిందో యూలిన్‌కి అడగకుండానే తెలిసేది.

తొంభై రెండులో మన జట్టు ప్రపంచకప్పు అర్హత పోటీల్లో మెక్సికో దాకా వెళ్ళింది. పదకొండు గోల్స్ తిని వచ్చింది. రేడియోలో ఆ లెక్క వింటూ అతను వల పక్కన పడేశాడు.

"విన్నావా యూలిన్? పదకొండు! ఆ కీపరుకి ఏం పేరు పెడతారో చూద్దాం."

ఏ పేరూ పెట్టలేదు. పాపం కుర్రాడు, అవతల మెక్సికో కదా, ఏం చేస్తాడు అన్నారు.

"చూశావా?" అన్నాడు అతను కొన్నాళ్ళాగి. "పదకొండు పోతే జాలి. ఒకటి పోతే జన్మంతా."

తర్వాత విమానాశ్రయాన్ని దూరంగా ఆర్గైల్‌కి మార్చేశారు. ఆర్నోస్ వేల్ మీదుగా విమానాలు రావడం మానేశాయి. కానీ పేరు ఎక్కడికీ పోలేదు. పైగా కొత్తగా పుట్టిన పిల్లలకి ఆ కథే తెలియదు. "తాతా, నువ్వు విమానంలా పరిగెత్తేవాడివంట కదా?" అని అడిగేవాళ్ళు. అతను అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు.

చక్కెర జబ్బు ముందు కాలి వేళ్ళు తీసుకుంది, తర్వాత మూత్రపిండాల మీద పడింది. మంచం పట్టాక ఒక సాయంత్రం రేడియోలో మరణవార్తలు వస్తున్నాయి. ఆ వేళకి దీవిలో ప్రతి ఇంట్లోనూ మాటలు ఆగిపోతాయి. పోయినవాళ్ళ పూర్తి పేరు, వెంటనే "అందరికీ తెలిసిన పేరు", తర్వాత అన్నలు, చెల్లెళ్ళు, మేనల్లుళ్ళు, స్నేహితులు, ఖననం ఎప్పుడు, ఎక్కడ. అదంతా విని అతను యూలిన్ చెయ్యి పట్టుకున్నాడు.

"నాది చదివేటప్పుడు ఆ పేరు చదవనివ్వకు."

"అవేం మాటలు ఇప్పుడు?"

"వినవే. ఆస్బర్ట్ థియోఫిలస్ బైనో. అంతే. అమ్మ విన్నట్టు. ఇంకొక్కసారి ఈ పేరు అట్లా చదవాలి, దేశమంతా వినాలి."

"అట్లా చదివితే నువ్వని ఎవరికి తెలుస్తుంది? ఎవరొస్తారు?"

"రాకపోతే పోనీ. వచ్చేవాళ్ళు విమానం కోసం వస్తారు. నాకోసం కాదు."

ఆమె మాటిచ్చింది. ఇచ్చేటప్పుడు ఆమె మనసులో మెదిలినవాళ్ళు పాత జట్టువాళ్ళు. తమలో ఎవరు పోయినా మిగిలినవాళ్ళంతా జట్టు రంగు పసుపు జెర్సీలు తొడుక్కుని వచ్చి శవపేటికని తామే భుజాల మీద మోస్తారు. పొట్టలొచ్చినవాళ్ళకి జెర్సీ దిగదు, కుట్లు విప్పుకుని తొడుక్కుంటారు. ఆస్బర్ట్ అలా ఎంతమందినో మోశాడు. "విమానం వచ్చాడు చూడండి" అని జనం గుసగుసలాడుతుంటే తల దించుకునే మోశాడు. ఇప్పుడు అతన్ని మోయాల్సినవాళ్ళకి కబురే అందదు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటే, వాళ్ళలో ఒక్కరి నంబరూ ఆమె దగ్గర లేదు. ఇన్నేళ్ళుగా అందరికీ అన్ని చావులూ ఆ రేడియోనే చెప్పింది.

అతను పోయాక రాజధాని కింగ్స్‌టౌన్‌లో రేడియో కార్యాలయానికి ఆమే వెళ్ళింది. కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి పూర్తి పేరు రాసుకుంది.

"అందరూ పిలిచే పేరేంటి ఆంటీ?"

"లేదమ్మా."

"అదేంటి, మన దీవిలో మారుపేరు లేనివాళ్ళుంటారా?" అమ్మాయి నవ్వింది. "మా నాన్న పోయినప్పుడు 'బొగ్గు' అని చదవకపోతే సొంత తమ్ముడికే తెలిసేది కాదు. చెప్పండి, పర్లేదు, ఎంత చెత్త పేరైనా చదువుతాం."

యూలిన్ నోటిదాకా వచ్చింది. ఒక్క మాట. అది చెబితే ఆదివారానికి బారెలీ రోడ్డు బస్సులతో నిండిపోతుంది.

"లేదమ్మా. నేనిచ్చిన పేరే చదవండి."

ఆ సాయంత్రం రేడియో పక్కన ఒక్కతే కూర్చుని వింది. ఆస్బర్ట్ థియోఫిలస్ బైనో, బారెలీ. చదివినాయన గొంతు మంచిది. ఒక్క అక్షరం తడబడకుండా చదివాడు. బాగుంది అనుకుంది. తర్వాత చాలాసేపు ఏడ్చింది.

ఖననానికి వీధివాళ్ళు వచ్చారు, చర్చి ఆడవాళ్ళు కొందరు వచ్చారు. బెంచీలు ఖాళీగా ఉన్నాయి. పేటికని మోసింది శవపేటికల దుకాణం కుర్రాళ్ళు. వాళ్ళలో ఒకడు అడుగు తప్పి, "నెమ్మదిరా, పెద్దాయన బరువున్నాడు" అన్నాడు.

తర్వాతి వారం గార్నెట్ వచ్చాడు. అతని ఊరు దీవికి అవతలి వైపున జార్జ్‌టౌన్. రెండు బస్సులు మారి వచ్చాడు. చేతిలో సంచి, సంచిలో సొంత పొలంలో తీసిన పాలగుండ.

"చెల్లెమ్మా! మావాడు ఇంకా మంచం దిగలేదా, బద్ధకపు వెధవ? పాలగుండ తెచ్చాను, జావ కాచి పొయ్యి. ఏరా విమానం, లే!"

యూలిన్ గుమ్మంలోంచి కదల్లేదు. ఆమె నల్లబట్టలు అతను అప్పుడు చూశాడు.

"ఎప్పుడు?"

"పోయిన వారం, గార్నెట్ అన్నా."

"రోజూ వింటాను నేను రేడియో. ఒక్క రోజు వదల్లేదు. చదవలేదే!"

"చదివారు. అసలు పేరుతో చదివారు. మారుపేరు వద్దన్నాడు."

గార్నెట్ మెట్టు మీద కూలబడ్డాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని కాసేపు దాని తాడు ముడేశాడు, విప్పాడు.

"బైనో," అన్నాడు. "విన్నాను. విన్నాను చెల్లెమ్మా. ఆ పేరుతో వాణ్ణి పిలిచి ఎన్నేళ్ళయిందో, తట్టనే లేదు. మా ఆవిడతో అన్నాను కూడా, బారెలీలో ఎవరో పెద్దాయన పోయాడంట పాపం అని. అని, ఇంకో ముక్క సీమపనస పెట్టమన్నాను."

యూలిన్ అతని ఒళ్ళోని సంచి తీసి పక్కన పెట్టింది.

"ఎవరు మోశారు?"

"దుకాణం వాళ్ళు."

"దుకాణం వాళ్ళా!" అతని గొంతు లేచింది. "మేం చచ్చామా? ఏం మనిషివి నువ్వు? వాడన్నాడే అనుకో, వాడికి బుద్ధిలేదు, నీకన్నా ఉండక్కర్లా? వాడు మోసినవాళ్ళని లెక్కపెట్టు! అందరినీ మోసి, వాడు కూలివాళ్ళ మీద పోవాలా?"

"ఆఖర్న అడిగాడు అన్నా. బతికుండగా నన్ను ఇంకేదీ అడగలేదు."

గార్నెట్ మొహం తుడుచుకుని లేచాడు. "చూపించు" అన్నాడు.

స్మశానం కొండవాలులో ఉంది. మట్టి ఇంకా కుంగలేదు, శిలువ మీద రంగు ఇంకా మెరుస్తోంది. దాని మీదా అసలు పేరే రాయించింది ఆమె. గార్నెట్ టోపీ తీసి నిలబడ్డాడు. మట్టినీ చూశాడు, శిలువనీ చూశాడు. ఏదో అనబోయి యూలిన్ వైపు తిరిగాడు, ఆమె అతన్నే చూస్తోంది. గొంతు సవరించుకున్నాడు.

"ఆస్బర్ట్," అన్నాడు.

ఆగాడు. ఇంకోసారి "ఆస్బర్ట్" అన్నాడు, ఆసుపత్రిలో వరుసలో ఉన్నవాళ్ళని పిలిచినట్టు. టోపీ చేతులు మార్చుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ తడి లేదు.

"రావట్లేదు చెల్లెమ్మా. ఈ పేరుగలాయన నాకు తెలీదు. నేనెవరితో మాట్లాడాలి?"

యూలిన్ శిలువ మీది అక్షరాలని చూసింది. మాట నిలబెట్టింది. రేడియోలో నిలబెట్టింది, చర్చిలో నిలబెట్టింది. ఖాళీ బెంచీల ముందు కూర్చుని కూడా నిలబెట్టింది. ఇక ఇక్కడ ఉన్నది ఒక ముసలివాడు, వాడి స్నేహితుడు.

"నేను గేటు దగ్గరుంటాను," అంది. "నీకు తెలిసినవాడితో మాట్లాడుకో అన్నా."

వినబడకూడదనే గబగబా దిగింది. సగం దూరం పోయాక వెనక నుంచి వినబడింది. "ఒరే విమానం. ఒరే, ఎందుకురా ఇట్లా చేశావు," అని, ఆ వెంటనే, ముసలి గొంతుతో, చిన్నపిల్లాడిలా, పెద్దగా ఏడుపు. ఆమె వెనక్కి తిరగలేదు. గేటు ఊచ పట్టుకుని అతను అయ్యేదాకా అక్కడే నిలబడింది.