తెల్ల గోలీ ఎవరిది?

మనకు చేతకాని పనుల మీదే మనకు గట్టి అభిప్రాయాలుండే వయసు ఒకటి ఉంటుంది. ఆ వయసులో నేను కామారెడ్డిలో ఒక టైర్ల షాపులో బిల్లులు రాసేవాణ్ణి. షాపు వెనక సందులో ఇనుప మెట్లెక్కి వెళ్తే ఒక పూల్ పార్లర్ ఉండేది. రెండు బల్లలు, వాటి మీద పచ్చ గుడ్డ, గోడకు ఆనించిన అరడజను కర్రలు, అంతే. కర్రతో తెల్ల గోలీని కొట్టాలి, అది పోయి రంగు గోలీకి తగలాలి, రంగుది బల్ల అంచున ఉన్న పాకెట్‌లో పడాలి. నాకు వరసగా రెండు గోలీలు పడ్డ రోజు లేదు. (ఒకసారి పడ్డాయి గానీ, రెండోది ఎదుటివాడిదట.) అయినా ఎవడు గొప్ప ఆటగాడు, ఎవడు కాడు అని తేల్చి చెప్పడంలో మాత్రం నాకు ఏనాడూ అనుమానం రాలేదు.

నా లెక్కలో గొప్పవాడు ఒక్కడే, లెఫ్టన్న. పగలంతా వెల్డింగ్ పని, సాయంత్రం పార్లర్. ఎడమ చేత్తో ఆడేవాడు. మాటలు తక్కువ. అతను బల్ల మీదికి వంగాడంటే మేమందరం తాగుతున్న చాయ్ కిందపెట్టేవాళ్ళం. నేనైతే అతను సుద్ద రాసినట్టే కర్ర కొనకు సుద్ద రాసేవాణ్ణి, అతను ఒక కన్ను మూసినట్టే మూసేవాణ్ణి. ఆపైన గోలీ ఎటు పోతుందో దాని ఇష్టం.

ఇక మా బావ. ఎల్లారెడ్డిలో మోటార్ వైండింగ్ దుకాణం ఆయనది. మా అక్కను ఇచ్చాం. మంచి మనిషి. అయితే ఆయనకూ ఒక దేవుడు ఉన్నాడు, గిర్దావర్ తాత. రెవెన్యూలో గిర్దావర్‌గా చేసి రిటైరైన ఆ ఊరి పెద్దమనిషి. వయసులో ఉన్నప్పుడు పట్నంలో ఆఫీసర్ల క్లబ్బులో బిలియర్డ్స్ ఆడి ఒక కలెక్టర్‌ను ఓడించాడట. మా బావ అది చూడలేదు. చూసినవాణ్ణి కూడా చూడలేదు. కానీ చెప్పేటప్పుడు ఆ కలెక్టర్ ముఖం ఎలా మాడిపోయిందో కూడా చెప్పేవాడు.

గొడవ అన్నం ముందు మొదలైంది. మా మేనకోడలికి పుట్టువెంట్రుకలు తీయించాలని అక్క వాళ్ళు అనుకుంటున్నారు. ముహూర్తం మాట్లాడదామని నేను ఎల్లారెడ్డి వెళ్ళాను. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటేనే ఆ పని మొదలవుతుంది కదా, ఆ హోదాలో రెండు రకాల కూరలు కూడా వండారు. మాటల్లో లెఫ్టన్న సంగతి ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది.

"మీ లెఫ్టన్న ఆడేదాన్ని ఆటంటరా?" అన్నాడు బావ. "అన్నం తినే బల్లంత ఉంటది గా టేబులు. మా తాత ఆడింది పెండ్లి పందిరంత టేబులు మీద."

"టేబులు పెద్దగుంటే మనిషి పెద్దగైతడా బావా?"

"పదహారు గోలీలు పోస్తే ఎవ్వనికైనా ఏదో ఒకటి పడ్తది. బిలియర్డ్స్‌ల ఉండేటియి మూడే. మూడిటితోని ఆడి సూపియ్యమను."

"మూడే ఉంటే ముసలాయనకు యాదిపెట్టుకునుడు గూడ అల్కనే గద," అన్నాను నేను.

బావ కంచం ముందు నుంచి లేచాడు. "మా తాతను గంత మాటన్నోని ఒళ్ల నా బిడ్డను కూసోబెట్ట," అని చెప్పి దుకాణానికి వెళ్ళిపోయాడు. నేనూ పౌరుషంగా లేచాను. (ఆకలి మీద ఉన్నాను. రెండో కూర ఏమిటో కూడా చూడలేదు.) బస్టాండు దాకా నడుస్తూ, అన్నది వెనక్కి తీసుకుందామా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఇంకా బాగా ఏమనాల్సిందో అనుకుంటూ నడిచాను.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ ఇద్దరికి గోలీలాట వచ్చా?"

"రాదు."

"మరి వచ్చినోళ్ళనే కూసుండబెట్టి ఆడిపియ్యుండ్రి. ఎవలు గెలిస్తే ఏంది, నా బిడ్డ నెత్తి మీద వెంట్రుకలు కండ్లల్ల పడ్తున్నయ్."

అలా పోటీ కుదిరింది. ఎక్కడ అన్నది తేలడానికే రెండు వారాలు పట్టింది. బిలియర్డ్స్ బల్ల కామారెడ్డిలోనూ లేదు, ఎల్లారెడ్డిలోనూ లేదు. చివరికి బావే, "గొప్పోడు యాడ ఆడినా గొప్పోడే," అని మా పార్లర్‌కు ఒప్పుకున్నాడు. లెఫ్టన్నను ఒప్పించడం ఇంకా కష్టమైంది. "గెలిస్తే ముసలాయనను ఓడగొట్టిన అంటరు, ఓడిపోతే ముసలాయన చేతుల ఓడిన అంటరు. నాకేమొస్తది?" అన్నాడు. నా మేనకోడలి సంగతి చెప్పాను. "పోరి కోసం వస్త," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఎల్లారెడ్డి నుంచి ఒక జీపు వచ్చింది. గిర్దావర్ తాత తెల్ల చొక్కాకు మణికట్ల దాకా బొత్తాలు పెట్టుకుని, కంటి ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నల్ల అద్దాలతో మెట్లెక్కాడు. బల్ల మీద అరచేయి ఆనించి, "ఇస్త్రీ ఎప్పుడు చేసిండ్రు?" అని అడిగాడు. పార్లర్ ఓనర్ తన చొక్కా వంక చూసుకుని, "నిన్న, తాతా," అన్నాడు. తాత అడిగింది పచ్చ గుడ్డ గురించి అని మాకెవరికీ తట్టలేదు. మధ్యవర్తిగా మద్నూర్ నుంచి ట్రాక్టర్ టైర్ల కోసం మా షాపుకు వచ్చిన ఒకాయన్ని కూర్చోబెట్టాం. ఆయనకు ఆట తెలియదు. ఇద్దరినీ ఎప్పుడూ చూడలేదు. అంతకంటే న్యాయమైన మనిషి ఎక్కడ దొరుకుతాడు?

లెఫ్టన్న మొదలుపెట్టి రెండు గోలీలు వేసి, మూడోది తప్పాడు. తాత వంతు వచ్చింది. ఆయన బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ మిగిలినయన్ని ఎవలియి? అడ్డముంటయ్ గద," అని, వంగి, మెల్లగా కొట్టాడు. తెల్ల గోలీ పోయి ఎర్రదాన్ని ముద్దు పెట్టుకున్నట్టు తాకి, పక్కకు తిరిగి, ఎవరో తీగ కట్టి లాగినట్టు నేరుగా పాకెట్‌లోకి జారింది.

ఎల్లారెడ్డి వాళ్ళు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. కామారెడ్డి వాళ్ళు ఇంత మంచివాళ్ళా అన్నట్టు బావ నావైపు అనుమానంగా చూశాడు. సంగతేమిటంటే, పూల్‌లో తెల్ల గోలీ పడిపోతే తప్పు. వంతు పోతుంది. బిలియర్డ్స్‌లో ఇంకో గోలీకి తగిలి పడితే పాయింట్లు. వంతు కూడా పోదు. ఆ మాట ఆ గదిలో అప్పటికి ఒక్క తాతకే తెలుసు. మాకు తెలిసింది మాకే తెలుసు.

తాత పాకెట్‌లో చెయ్యి పెట్టి తెల్ల గోలీ తీసుకున్నాడు. లెఫ్టన్న కూడా అదే గోలీ పట్టుకున్నాడు.

"తాతా, నా వంతు."

"గదెట్ల బేటా? పడ్డది నాకు గద. మూడు పాయింట్లు."

"తెల్లది పడ్తే తప్పు తాతా."

"తప్పా?" తాత నల్ల అద్దాలు తీసి లెఫ్టన్నను చూశాడు. "తప్పు గింత సక్కగ పడ్తదా?"

గదంతా ఒక్కసారి అరవడం మొదలైంది. గొప్ప ఆటగాడెవరన్న మాట మరిచిపోయి, తెల్ల గోలీ ఎవరిదన్న దాని మీద పడ్డాం. బావ స్టూల్ ఎక్కి మాట్లాడాడు. నేను ఎక్కడానికి ఇంకో స్టూల్ లేదు. మద్నూర్ ఆయన చేయెత్తి, "రెండు దిక్కులోళ్ళు చప్పట్లు కొట్టిండ్రు, నేనేం రాయాలె?" అని దీనంగా అడిగాడు.

మా అరుపుల మధ్య లెఫ్టన్న తాత చేతిలోనే గోలీ వదిలేశాడు. "గిట్ల ఎట్ల కొడ్తరు, మళ్ళొక్కసారి సూపియ్యుండ్రి," అన్నాడు. తాత చూపించాడు. ఈసారి కూడా పడింది. లెఫ్టన్న ప్రయత్నించాడు, పడలేదు. తాత అతని మోచేయి కొంచెం కిందికి దించాడు. ఈసారి లెఫ్టన్న కొట్టాడు, పడింది. అతను నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత తాత తన లెక్కలో తెల్లదాన్ని వేస్తూ, లెఫ్టన్న తన లెక్కలో రంగువి వేస్తూ, ఒకే బల్ల మీద రెండు ఆటలు ఆడారు. ఎవరూ ఎవరికీ అడ్డు చెప్పలేదు. బల్ల ఖాళీ అయ్యాక ఇద్దరూ కలిసి కిందికి మిర్చి బజ్జీలు తినడానికి వెళ్ళారు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు.

"మా తాతనే గెలిచిండు," అన్నాడు బావ, స్టూల్ దిగుతూ.

"మా లెఫ్టన్న గెలిచిండు," అన్నాను నేను.

మద్నూర్ ఆయన కాగితం చూసి, ఎవరి లెక్కలో వాళ్ళు గెలిచారని తీర్పు చెప్పి, టైర్లు తీసుకుని వెళ్ళిపోయాడు. బావ సగం మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "గెలిచినోన్ని నేనే గద, మాఫ్ చేస్తున్న. వచ్చి పిల్లను ఎత్తుకో," అన్నాడు. గెలిచింది నేనే కాబట్టి నేనూ పెద్ద మనసుతో ఒప్పుకున్నాను. మేనకోడలు నా ఒళ్ళో కూర్చుని, మొదటి కత్తెర పడకముందే వాడకట్టంతా వినిపించేలా ఏడ్చింది. కదలకుండా తల పట్టుకోవడానికి బావ కూడా పక్కనే కూర్చోవాల్సి వచ్చింది.

ఇప్పుడు తాత లేడు. లెఫ్టన్న దుబాయిలో ఉన్నాడు. నా ఫోన్లో ఏ దేశపు ఆటగాడి ఆటైనా దొరుకుతుంది, పాతవాళ్ళవి, కొత్తవాళ్ళవి, పదహారు గోలీలవి, మూడు గోలీలవి. ప్రతి ఆట కిందా ఎవరు గొప్పో తేల్చుకుంటూ జనం తిట్టుకుంటూ ఉంటారు. నేను చదువుతాను, ఏమీ రాయను. రెండు వైపులా నిజమే అనిపిస్తుంది. అలా అనిపించడం మంచిదే అంటారు. కానీ అప్పుడప్పుడు, ఆకలితో బస్టాండు వైపు చరచరా నడిచిపోయే ఆ టైర్ల షాపు కుర్రాణ్ణి తలుచుకుంటాను. వాడికి ఆట రాదు, మాట ఆగదు. అయినా తన మనిషే గొప్పవాడని వాడికి తెలిసినంత గట్టిగా ఆ తర్వాత నాకు ఏదీ తెలియలేదు.