మా రాజి చీరను ఎక్కించుకోని విమానం

నా పేరు సాయవ్వ. ఎనభై ఏండ్లు దాటినయ్. రుద్రూర్‌ల కొడుకు ఇంట్ల ఉంటం, నేనూ మా ముసలాయనా. నాకు సదువు రాదు. నేను చెప్తాంటె మా మనుమరాలు స్వప్న ఫోన్‌ల కొడ్తాంది. ఒక్క మాట గూడ మార్చద్దని ఒట్టు పెట్టిచ్చుకున్న.

నిన్న పొద్దుగాల్ల మా చెల్లె రాజవ్వ బొంబైల పోయింది.

ఫోన్ వస్తె నేను నమ్మలె. మొన్ననే గదా వీడియో కాల్‌ల నా కొత్త కట్టుడు పండ్లు సూసి పడిపడి నవ్వింది! "అక్కా, నోరు మూసుకో, గుర్రం లెక్క కనవడ్తున్నవ్" అన్నది.

గంత మంచిగున్న మనిషి. చాయ్ తాగుకుంట కూసున్నకాడనె ఒరిగిందట.

రాజి మొగడు, మా మరిది నర్సయ్య ఏడ్సుకుంట ఒక్కటే మాట చెప్పిండు. "వదినా, తల్లిగారి చీర కప్పకుంట పాడె ఎత్తం. పొద్దుగూకెదాక ఆపుత. జల్ది రా."

మాకు అన్నదమ్ములు లేరు. అవ్వా బాపూ పోయినంక రాజికి తల్లిగారిల్లంటె నేనే.

ముత్తైదువ పోతె తల్లిగారి చీర మీద పడాలె. ఒడిల బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి కుడుకలు పొయ్యాలె. గవ్వి లేకుంట పంపితె ఎవ్వలు లేనిదాన్ని పంపినట్టె.

బోధన్‌ల దుకాన్ తెరిపిచ్చి ఆకుపచ్చ చీర తీస్కున్న. "బస్సుల పోతె రేపైతది అవ్వా, ఫ్లైట్‌ల పోదాం" అని స్వప్న టికెట్లు బుక్ చేసింది.

సరే అన్న. విమానమంటె మంచోళ్ల బండి అనుకున్న నేను.

ఎందుకనుకున్ననో చెప్త.

పందొమ్మిదొందల డెబ్బైలల్ల ముచ్చట. నర్సయ్య బోధన్ చక్కెర ఫ్యాక్టరీల ఫిట్టరు. బొంబైల ఏదో కంపెనోళ్లు ఎంబడే రమ్మని మొగనికీ పెండ్లానికీ విమానం టికెట్లు పంపిండ్రు. చెరుకు దించిన లారీ దొరికితె ఇంటోళ్లమంత అండ్లనే ఎక్కినం. హైదరాబాద్ పోయెవరకు అందరి బట్టలు చెరుకు పిప్పి వాసన.

బేగంపేట్ ఎయిర్‌పోర్ట్‌ల, నడి హాల్‌ల, గొంగడి పరిచి రాజికి ఒడిబియ్యం పోసినం!

టోపి పెట్టుకున్న సారు ఒకాయన వచ్చి మీద నిలవడ్డడు. ఇగ తిడ్తడనుకున్నం.

"అయిందా అమ్మా? నిమ్మలంగ కానియ్యుండ్రి, విమానం ఏడికి పోదు" అన్నడు.

అప్పుడు సామానుతోటి మనుషులను గూడ కాంటా మీద నిలవెడ్తుండె, ఫ్యాక్టరీ కాడ చెరుకు బండ్లను తూసినట్టు. రాజి మొఖం మాడ్సుకొని వచ్చింది. "అక్కా, ఒడిబియ్యం కలిపి తూసిండ్రే! నీ మరిది ఇగ జన్మంత నన్ను లావు లావంటడు."

మేము కంచె కాడ నిలవడి సూస్తున్నం. మెట్లెక్కుతాంటె రాజి ఒడిలకెల్లి ఒక కుడుక జారి కింద పడ్డది. ఎయిర్ హోస్టెస్ పిల్ల ఉరికొచ్చి, ఏరి, కండ్లకద్దుకొని మళ్ల ఒడిల ఏసింది.

గదీ విమానం.

మరి నిన్న?

హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌ల అద్దాల తలుపు కాడనే మొఖం సూపియ్యమన్నరు. చీర, బియ్యం, కుడుకలున్న బ్యాగ్ తీస్కొని బెల్టు మీద లోపటికి పంపిండ్రు. మిషన్‌ల కాళ్ల కడెలు కూతవెడ్తున్నయని అటొకసారి ఇటొకసారి నడిపిచ్చిండ్రు. తాగే నీళ్లు పారబోసిండ్రు. సచ్చినామె కాడికి పోతున్ననంటె ఒక్కలు తలకాయెత్తి సూడలె. "నెక్స్ట్, నెక్స్ట్" అనుడే.

మళ్ల మైకుల నా పేరు పిలిచిండ్రు. బ్యాగ్‌ల కుడుకలున్నయట.

"అమ్మా, కుడుకలు నాట్ అలోడ్. నూనె ఉంటది, అంటుకుంటది."

"ఎండుకొబ్బరి బిడ్డా అది. పుట్టిన కాన్నుంచి మా ఇంట్ల ఉట్టి మీద ఉంటది. ఒక్క దినం అంటుకోలె."

"రూల్స్ అమ్మా."

"మరి కుడుకలు తీసెయ్యి. చీర నా చేతికియ్యి."

ఇయ్యలె. బ్యాగ్ ఒకసారి లోపటికి పోతె మళ్ల చేతికి రాదట. "మీరు కూసోండ్రి, అదే వస్తది" అన్నరు.

నమ్మి కూసున్న. విమానం గూడ గంటకు మీద లేటు. ఎందుకంటె చెప్పెటోడు లేడు.

బొంబైల దిగినంక ఆ తిరిగే బెల్టు కాడ నిలవడ్డం. అందరి డబ్బాలు వచ్చినయ్. మా బ్యాగ్ రాలె.

టై కట్టిన పిలగాడు నవ్వుకుంట చెప్పిండు. "డోంట్ వర్రీ అమ్మా, హైదరాబాద్‌లనె ఉండిపోయింది. రేప్పొద్దున హోమ్ డెలివరీ చేస్తం."

"రేపు తెస్తె ఎవ్వలకు కప్పాలె రా?"

"అడ్రస్ రాయుండ్రి" అని స్వప్న చేతిల కాయితం పెట్టిండు.

వట్టి చేతులతోటి చెల్లె ఇంటికి పోయిన. జన్మల గట్ల పోలె.

పొద్దు గూకుతాంది. అందరు నా చేతులే సూస్తున్నరు. పక్కింటామె మెల్లగ అన్నది, "మౌసీ, కింద దుకాన్‌ల కొత్త చీర తెప్పిస్త."

"కింద దుకాన్ మా రాజికి తల్లిగారిల్లా?" అన్న.

లోపటి అర్రలకు పోయి తలుపు పెట్టుకున్న. దండెం మీద రాజి ఇంట్ల కట్టుకునే చీర ఉంటె అది చుట్టుకున్న. నా ఒంటి మీది చీర మడత పెట్టి తెచ్చి రాజి మీద కప్పిన.

"కట్టిన చీర కప్పుతరా?" అని ఎవ్వలో గునిగిండ్రు.

"తల్లిగారిల్లు నేనే అయినప్పుడు నా ఒంటి మీదిది తల్లిగారి చీర కాక ఏందే?" అన్న.

నర్సయ్య రెండు చేతులు జోడిచ్చి, "ఎత్తుండ్రి" అన్నడు.

ఇయ్యాల పొద్దుగాల్ల బ్యాగ్ రాజి ఇంటికి వచ్చింది. చీర మడత నలగలె. తెచ్చినోడు ఫోన్‌ల స్టార్లు కొట్టుమన్నడు. వాని మొఖం మీదనె తలుపేసిన.

విమానాలు పెద్దగైనయ్, జల్ది పోతున్నయ్, అందరు ఎక్కుతున్నరు. మంచిదే. గని మనిషి ఎందుకు పోతున్నదో ఒక్క మాట అడుగుండ్రి. గంతే నేను అడిగేది.

రాజీ, నా పానమా. ఇగ ఎవ్వలు నిన్ను ఆపరు, ఎవ్వలు తూయరు. నిమ్మలంగ పో బిడ్డా. నీ ఆత్మ సల్లగుండాలె.

(ఫోన్‌ల ఏలిముద్ర ఎట్లేస్తరు అవ్వా అని స్వప్న అడుగుతాంది. కాయితం మీద ఏసిన, దాని ఫోటో కింద పెట్టుమన్న.)

సాయవ్వ ఏలిముద్ర
సాక్షులు: మరిది నర్సయ్య, మనుమరాలు స్వప్న