కొక్కేనికి సమ్మయ్య బిళ్ల

దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. వకీలుని. సాక్ష్యం చూపకపోతే కన్నతల్లి చెప్పినా ఒప్పుకోని మొండిదాన్ని. అయినా గోదావరిఖనిలో, మా ఇంట్లోనే ఉన్న నా ఆఫీసు గదిలో, పట్టపగలు జరిగిన ఈ సంగతికి నా దగ్గర జవాబు లేదు.

సమ్మయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. కొట్లాట కేసులో శిక్షపడి జైల్లో ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడై నాలుగడుగులు వేస్తే ఆయాసం. జైల్లో మాత్రం దగ్గుమందే ఇస్తున్నారు. ఖైదీకీ బతికే హక్కు ఉందని, పెద్ద దవాఖానలో చూపించాలని హైకోర్టులో రిట్ వేశాను.

ఒకరోజు ఆయన భార్య మల్లవ్వ కొంగుముడి విప్పి, నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల నా చేతిలో పెట్టింది. బాయిలో పనిచేసినప్పటిది.

"దీన్ని నీ గోడకు తగిలియ్యమన్నడు బిడ్డా. బయటికొచ్చినంక తనే తీస్కుంటడట."

నాకు నవ్వు రాలేదు. బాయిలోకి దిగేవాళ్లు ల్యాంపు రూములో బిళ్ల ఇచ్చి లైటు తీసుకుంటారు. ఆ బిళ్లను అక్కడ కొక్కేనికి తగిలిస్తారు. పైకొచ్చాక లైటు అప్పగించి ఎవరి బిళ్ల వాళ్లు తీసుకుంటారు. షిఫ్టు అయిపోయినా బిళ్ల కొక్కేనికే ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. నా చిన్నప్పుడు ఒకరోజు మా నాన్న బిళ్ల అలాగే ఉండిపోయింది.

బల్లకెదురుగా గోడకు కొక్కెం కొట్టి తగిలించాను. ఇంట్లో నేనొక్కదాన్నే. వాయిదా పడ్డప్పుడల్లా తిరిగొచ్చి ఆ బిళ్లకే చెప్పుకునేదాన్ని. పిచ్చి అనుకోండి, చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు మరి.

ఏడు నెలలకు ఆర్డరొచ్చింది. ఆయన్ని పెద్ద దవాఖానకు మార్చారు.

మార్చిన మూడో రోజు పొద్దున బల్ల తుడుస్తూ బిళ్లనూ తుడిచాను. మధ్యాహ్నం వంటింట్లో అన్నం తిని వచ్చేసరికి కొక్కెం ఖాళీగా ఉంది. వీధి తలుపుకు లోపలి గడియ వేసింది వేసినట్టే ఉంది. కిటికీకి జాలీ ఉంది. మోకాళ్ల మీద పాకి బీరువా కింద, ఫైళ్ల మధ్య వెతికాను. చీపురు చేతిలో ఉండగానే ఫోను మోగింది. సమ్మయ్య ఇందాకే పోయాడని దవాఖాన నుంచి చెప్పారు.

దినాలయ్యాక మల్లవ్వ వచ్చింది. బిళ్ల పోగొట్టానని నేను చెప్పేలోపే ఆమె ఖాళీ కొక్కెం వంక చూసింది.

"ఎవలు పడితే వాళ్లు తియ్యరు బిడ్డా. పైకొచ్చినోడే తీస్కుంటడు," అంది. ఏడవలేదు. ఏడ్చింది నేనే.

పిటిషనరు చనిపోయినందున ఇక విచారించేదేమీ లేదని కోర్టు కేసు మూసేసింది. బిళ్ల మళ్లీ దొరకలేదు. ఎలా పోయిందో ఎంత ఆలోచించినా తెలియదు, ఎవరైనా తీశారంటే ఏ దారిన వచ్చారో చెప్పలేను. కొక్కేన్ని మాత్రం పీకలేదు. సాయంత్రం షిఫ్టు సైరన్ మోగినప్పుడు అటు చూస్తాను. మా నాన్నది ఉండిపోయింది, ఈయనది లేదు.