చైనా అక్క చూపుడు వేలు

ప్రతి మార్గళి చలికీ కోయంబత్తూరులో మా వీధి మలుపున స్వెట్టర్లు అమ్మడానికి వచ్చే టిబెట్ ఆవిడను అందరూ చైనా అక్క అనేవాళ్లు. అలా పిలిచిన ప్రతిసారీ ఆమె చేతిలో పని ఆపి, చూపుడు వేలు అడ్డంగా ఊపి, "చైనా ఇల్లమ్మా, టిబెట్" అని తమిళంలో దిద్దేది. ఆ చైనా సైన్యం వచ్చిపడితేనే వాళ్ల నాన్న మంచుకొండలు దాటి పారిపోయి వచ్చాడట. ఆమె పుట్టింది కర్ణాటకలోని శిబిరంలో.

"అట్ల పిలవొద్దు మా" అని మా అమ్మతో ఎన్నిసార్లు పోట్లాడానో!

"రొండూ ఒగటే గదరా, పక్కపక్కనే గదా!" అనేది అమ్మ. ఇదే అమ్మను ఎవరైనా "ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు?" అని అడిగితే మాత్రం, ముత్తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్నామని రోజంతా రుసరుసలాడేది.

పోయిన మార్గళిలో అమ్మ మళ్లీ, "చైనా అక్కా, బ్లూ కలర్ ఇరుక్కా?" అంది. నేను ఆ వేలు కోసం చూశాను. ఆమె "ఇరుక్కుమ్మా" అంటూ నీలం స్వెట్టరు తీసి దులిపింది.

అమ్మ దాన్ని భుజాలకు ఆనించుకుని నా వైపు తిరిగింది.

"చూడు, ఆమెకే లేని రోసం నీకెందుకురా?"