స్వరూప మార్చనన్న హోమ్ పేజీ

1999 మొదట్లో మాట. నల్లగొండలో గడియారం సెంటర్‌కు కొంచెం ఇవతల, ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అక్కడ నేను వెబ్ డిజైన్ నేర్పేదాన్ని. ఊళ్లో చాలామందికి ఇంటర్నెట్ అంటే పేపర్లో చదివిన మాటే. మా ఇన్‌స్టిట్యూట్‌కూ కనెక్షన్ లేదు. వెబ్‌సైట్లు తయారుచేసి, ఫ్లాపీలో పెట్టుకుని, మా కంప్యూటర్లలోనే తెరిచి చూసుకునేవాళ్లం. బావి లేకుండా ఈత నేర్పుతున్నానని ఎగతాళి చేసినవాళ్లున్నారు. చేసుకోనీ అనుకున్నాను.

నా పేరు ఫర్హానా. మా అబ్బా దుకాణాలకు బోర్డులు రాసేవారు. ఇంట్లో ఎప్పుడూ రంగు డబ్బాల వాసన, ఆరీఆరని అక్షరాలు. బీఎస్సీ అయ్యాక హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసి తిరిగి వచ్చాను. ముసల్మాన్ల అమ్మాయి తెలుగులో కంప్యూటర్ పాఠం చెప్తుందంటే నమ్మక, మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడి విని పోయినవాళ్లు కూడా ఉన్నారు.

ఆ రోజుల్లో వెబ్ డిజైన్ అంటే తెర మీద ఎన్ని కదిలితే అంత గొప్ప. అక్షరాలు ఒక చివర నుంచి ఇంకో చివరకు పరుగెత్తడాన్ని మార్క్వీ అంటారు. పిల్లలకు అదంటే ప్రాణం. నా క్లాసులో దాన్ని నిషేధించాను. ముందు కాగితం మీద నేర్పేదాన్ని. కరెంటు పోయిందంటే పాత పేపర్లు, రంగు కాగితాలు కత్తిరించి బల్ల మీద పేర్పించేదాన్ని. కాంట్రాస్ట్ అంటే పక్కపక్కనున్న రెండింటి మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపించడం. అలైన్‌మెంట్ అంటే ప్రతి వస్తువూ ఏదో ఒక గీతను పట్టుకుని నిలబడడం. వైట్ స్పేస్ అంటే కావాలని వదిలిన ఖాళీ జాగా. అన్నిటికంటే ఎక్కువ రోజులు హైరార్కీ చెప్పేదాన్ని. పేజీ తెరవగానే కన్ను మొదట దేని మీద పడాలి, తర్వాత దేని మీదికి పోవాలి అన్న వరుస అది. దేన్ని పెద్దగా పెట్టాలో తేల్చుకోవడమంటే మనకు ఏది ముఖ్యమో ఒప్పుకోవడమే అని చెప్పేదాన్ని.

ఆ బ్యాచ్‌లో స్వరూప చేరింది. మునుగోడు అవతల ఒక చిన్న ఊరు వాళ్లది. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగితే ఎముకలు వంగిపోతాయి, మెడలు, నడుములు బిగుసుకుపోతాయి. స్వరూప మోకాళ్లు చిన్నప్పుడే లోపలికి వంగాయి. మా మెట్లు నిటారుగా ఉండేవి. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఎక్కేది. ఎవరైనా చెయ్యి అందించబోతే, "నేనొస్త గాని, మీరు నడువుండ్రి" అనేది.

డిగ్రీ పూర్తిచేసి, టౌన్లో మేనత్త ఇంట్లో ఉంటూ వచ్చేది. వాదన పెట్టుకోనిదే పాఠం వినేది కాదు.

"పేజీ మొత్తం ఎర్రగ పెడితె ఏది ముందుగాల కనవడ్తది మేడం?" అని అడిగింది ఒకరోజు.

"ఏదీ కనబడదు" అన్నాను.

"అయితె మా సర్పంచ్ ఓట్లప్పుడు పంచిన కాయితం గంతే. ఆయన ఏం జేస్తనన్నడో గిప్పటిదాక ఎవలకు ఎర్కలేదు."

క్లాసంతా నవ్వింది.

ఆ ఎండాకాలం రాకముందే మా ఇన్‌స్టిట్యూట్ యజమాని సుధాకర్ సార్ ఒక పని పట్టుకొచ్చారు. ఫ్లోరైడ్ ఊళ్లలో సేవ చేస్తామని పట్నం నుంచి వచ్చిన ఒక సంస్థకు వెబ్‌సైట్ కావాలి. విదేశాల్లో ఉన్న దాతలకు చూపించడానికి. ఈ పని నచ్చితే మా ఇన్‌స్టిట్యూట్‌కు వాళ్లే ఇంటర్నెట్ పెట్టిస్తామన్నారు. తయారుచేసినవాళ్లకు తమ ఆఫీసులో ఉద్యోగం కూడా ఇస్తామన్నారు. దాన్నే స్వరూపకు కోర్సు ప్రాజెక్టుగా ఇచ్చాం. ఆమె ఊరి సంగతి ఆమెకంటే ఎవరికి తెలుసు?

స్టూడియో ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని స్వరూప ఊరికి వెళ్లింది. ఆయన నిలబడి ఫొటోలు తీస్తుంటే ఊరుకోలేదట. నడుము వంగినవాళ్లను నిలబడి తీస్తే కాళ్ల దగ్గర పడున్నట్టు కనిపిస్తారని, ఆయన్ని నేల మీద కూర్చోబెట్టి, వాళ్ల కళ్లకు సమానంగా కెమెరా పెట్టించింది. ఫొటోలను డీటీపీ సెంటర్‌లో స్కాన్ చేయించాం. అప్పట్లో వెబ్ పేజీలో తెలుగు అక్షరాలు నేరుగా కనిపించేవి కావు. తెలుగు వాక్యాన్ని విడిగా టైపు చేయించి, దాన్నే ఒక బొమ్మగా అతికించాలి. అలాగే చేసింది.

ఆమె తయారుచేసిన హోమ్ పేజీ, అంటే సైట్ తెరవగానే మొదట కనిపించే పేజీ, నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పైన చాలా ఖాళీ. మధ్యలో నీళ్లు రాని నల్లా, దాని ముందు వరుసగా ఖాళీ బిందెలు. కింద ఒకే వాక్యం, తెలుగులో, ఇంగ్లీషులో: "మాకు మంచినీళ్లు కావాలె." దాని కింద మనుషుల ముఖాలు. ఏ ముఖం మీద నొక్కితే ఆ మనిషి పేజీ తెరుచుకుంటుంది. పేరు, చేసే పని, తర్వాత నీళ్లు ఆ ఒంటిని ఏం చేశాయో. ఎముకల ఎక్స్‌రే కూడా లోపల ఉంది.

"వంగిన కాళ్లు దాస్తున్నావా?" అని అడిగాను.

"దాచుడు గాదు మేడం. ముందుగాల మనిషి, గాపైన రోగం."

సంస్థ డైరెక్టర్ గారు చూడటానికి వచ్చారు. మర్యాదస్తుడు. అందరినీ అండీ అని పిలిచేవారు. తెర ముందు కూర్చుని చాలాసేపు చూశారు.

"శుభ్రంగా ఉందమ్మా. కానీ ఇది పనికిరాదు" అన్నారు. "బిందెలు చూసి ఎవరూ డబ్బు పంపరు. పైన కాళ్ల ఫొటోలు పెట్టండి, దగ్గరగా తీసినవి. పిల్లలవైతే ఇంకా మంచిది. పేజీ తెరవగానే చూసేవాడి కళ్లలో నీళ్లు తిరగాలి."

స్వరూప కుర్చీలోంచి లేవలేదు. "వాళ్ల కండ్లల్ల నీళ్లు మేమేం జేసుకోవాలె సార్? మాకు తాగెటందుకు నీళ్లు గావాలె."

సుధాకర్ సార్ ముఖం మాడిపోయింది. డైరెక్టర్ గారికి మాత్రం కోపం రాలేదు. "నేను చెడ్డవాణ్ని కాదమ్మా. దాతల సంగతి నాకు తెలుసు. నువ్వే ఒక ఫొటో దిగితే ఎంతో బాగుంటుంది. చెప్పులు లేకుండా, మట్టిలో కూర్చుని. నీ ఊరి కోసమే కదా."

"నా ఊరి కోసమే నేను డిగ్రీ చదివిన. పొద్దున లేస్తె బస్సు పట్టుకోని కాలేజికి పోయిన. గదే ఫొటో తీసుకోండ్రి, దిగుత. మట్టిల కూసోను."

ఆయన వెళ్లాక సుధాకర్ సార్ నన్ను పక్కకు పిలిచారు. "ఆ పిల్లకు తెల్వదు మేడం, మీకన్న తెల్వాలె గద. ఫ్లాపీ తీసుకోని మీరే మార్చుండ్రి. ఇంటర్నెట్ వస్తే ఊరంతా మన దగ్గరికే వస్తది."

"ఆ పేజీలో తప్పేమన్నా ఉంటే చెప్పండి సార్, ఇప్పుడే దిద్దిస్తాను" అన్నాను. "కన్ను ఎక్కడ పడాలో అక్కడే పడుతోంది. పడాల్సిన చోటు మీకు నచ్చలేదు, అంతే. నేను మార్చను."

"మీరు మార్చకపోతే ఇంకొగలు మారుస్తరు."

"మార్చనీయండి. ఆ ఫొటోల నెగటివ్‌లు స్వరూప దగ్గరున్నాయి. నేను అడగను, ఆమె ఇవ్వదు."

కొత్త ఫొటోలు తీయించడానికి ఆయన జీపు మాట్లాడారు. డైరెక్టర్ గారు, వాళ్ల ఫొటోగ్రాఫర్, సుధాకర్ సార్. ఊరివాళ్లకు నచ్చజెప్పాలని నన్నూ రమ్మన్నారు. నచ్చజెప్పనని ముందే చెప్పి జీపెక్కాను. స్వరూప తెల్లారి మొదటి బస్సుకే వెళ్లిపోయిందట, మాకంటే ముందే.

మేం దిగేసరికి స్వరూప వాళ్ల వాకిట్లో జనం ఉన్నారు. స్వరూప తన పేజీని ప్రింట్ తీసుకుని వెళ్లింది. దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూస్తున్నారు. తన ముఖం ఎక్కడుందో వెతుక్కున్నవాళ్లు కొంగుతో నోరు కప్పుకుని నవ్వుతున్నారు. స్వరూప నాయనమ్మ మల్లమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మెడ తిరగదు, నడుము లేవదు. ఎవరితో మాట్లాడాలన్నా ఒళ్లంతా అటు తిప్పాలి.

డైరెక్టర్ గారు ఆమె ముందు గొంతుక్కూర్చుని నెమ్మదిగా చెప్పారు. ఒక ఫొటో కావాలని, చెయ్యి ముందుకు చాపితే చాలని.

మల్లమ్మ ఒళ్లంతా ఆయన వైపు తిప్పింది. "నేనేం అడుక్కుంటున్ననా కొడుకా? కూలికి పోయి ముగ్గురు పిల్లలను సాదిన. ఒగల ముంగట చెయ్యి సాపలేదు."

"అలా కాదమ్మా, మీ మంచికే..."

"జర ఆగు." ఇంట్లోకి కేకేసింది. "సార్లు ఎండల వడి వచ్చిన్రు. మంచినీళ్లియ్యుండ్రి."

స్వరూప తల్లి చెంబు నిండా నీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది. చూడటానికి తేటగా ఉన్నాయి. ఆయన చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆయన ఫొటోగ్రాఫర్ తల పక్కకు తిప్పుకున్నాడు.

"తాగు కొడుకా. నువ్వు ఒక్కనాడు తాగు, మేము రోజు తాగుతం. తాగినంక ఎట్ల కూసోమంటె అట్ల కూసుంట" అంది మల్లమ్మ.

ఆయన తాగలేదు. చెంబును అరుగు మీద పెట్టి లేచారు.

"స్వరూప జేసిన తీరుగ పెడితె పెట్టుండ్రి సారూ. లేకుంటె మా మొకాలు మాకియ్యుండ్రి" అని వెనకనుంచి ఎవరో మగమనిషి అన్నాడు. సుధాకర్ సార్ అప్పటికే జీపు దగ్గర ఉన్నారు. నేను ఆ జీపులో తిరిగి రాలేదు. స్వరూప వాళ్లింట్లో జొన్నరొట్టె తిన్నాను, అదే నీళ్లు తాగాను, సాయంత్రం బస్సుకు ఆమెతో కలిసి వచ్చాను.

పని పోయింది. ఇంటర్నెట్ పోయింది, స్వరూపకు ఇస్తామన్న ఉద్యోగమూ పోయింది. సుధాకర్ సార్ ఆ కోపం సర్టిఫికెట్ మీద చూపించారు. ప్రాజెక్టు పూర్తి కాలేదు కాబట్టి ఇవ్వనన్నారు. ప్రాజెక్టుకు మార్కులు వేసేది నేను. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వేసి నోటీసు బోర్డుకు అంటించాను. ఆయన చింపేశారు. మళ్లీ అంటించాను. మళ్లీ చింపారు. మూడోసారి బ్యాచ్ మొత్తం బోర్డు ముందు నిలబడింది. స్వరూప సర్టిఫికెట్ వచ్చేదాకా తమ సర్టిఫికెట్లూ వద్దన్నారు. సర్టిఫికెట్లు తీసుకోని విద్యార్థులున్న ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తవాళ్లెవరు చేరతారు? ఆయన సంతకం పెట్టారు. ఆ బ్యాచ్‌తోనే నేనూ అక్కడ మానేశాను. వెనక బజారులో ఒక గది కిరాయికి తీసుకుని సొంతంగా నేర్పడం మొదలుపెట్టాను.

ఫ్లాపీ తీసుకుని ఇద్దరం హైదరాబాద్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాం. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే జాగాలో సైట్‌ను అప్‌లోడ్ చేశాం, అంటే ప్రపంచంలో ఎవరైనా చూడగలిగేలా పెట్టాం. నల్లా ఫొటో పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా తెరుచుకుంది. మల్లమ్మ ముఖం పూర్తిగా వచ్చేదాకా స్వరూప రెప్ప వేయలేదు.

ఎండలు ముదిరాక ఆ ఊరివాళ్లు కలెక్టరాఫీసు ముందు ధర్నా చేశారు. స్వరూప తన పేజీని పెద్దగా జిరాక్స్ తీయించి అట్టలకు అతికించింది. ఎండలో అందరి చేతుల్లో అవే అట్టలు. ఒక అధికారి బయటికి వచ్చి, "ఇది నిజంగా ఇంటర్నెట్‌లో ఉన్నదా?" అని అడిగారు.

"ఉన్నది సార్. లోకమంత సూస్తది" అంది స్వరూప.

అప్పటికి దాన్ని చూసింది మేమిద్దరం, ఆ ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి, అంతే.

తర్వాత కొన్నాళ్లకు ఊరికి ట్యాంకర్ రావడం మొదలైంది. పేజీ వల్ల వచ్చిందని నేను చెప్పను. ధర్నా వల్ల కావచ్చు, ఆ అధికారి భయం వల్ల కావచ్చు. నది నీళ్లు నల్లాల్లో రావడానికి మాత్రం ఇంకా ఎన్నో ఏళ్లు, ఎంతోమంది కొట్లాట పట్టింది. మల్లమ్మ అప్పటిదాకా లేదు. స్వరూప మునుగోడులో సొంతంగా డీటీపీ సెంటర్ పెట్టుకుంది. పెళ్లి కార్డుల నుంచి ధర్నా పోస్టర్ల దాకా వేసేది. పోస్టర్లో వాక్యం ఎక్కువైతే వచ్చినవాళ్లతో పోట్లాడి కొట్టేయించేదని విన్నాను.

ఆ ప్రాజెక్టు తర్వాత నా పాఠంలో ఒకటి చేరింది, ఏ పుస్తకంలోనూ నాకు కనిపించనిది. విద్యార్థి పేజీ తయారుచేసి తెచ్చినప్పుడు రంగులు, గీతలు, అక్షరాలు చూడకముందే అడుగుతాను: ఇందులో ఫొటో ఉన్న మనిషికి దీన్ని చూపించావా? చూసి ఏమన్నారు? పేజీ చేయమన్నవాళ్లకు నచ్చితే చాలదా మేడం అని ఇప్పటికీ ఎవరో ఒకరు వాదిస్తారు. చాలదు. ఆ మనిషికి చూపించలేదని చెప్పినవాళ్ల ప్రాజెక్టును నేను ఇంతవరకు పాస్ చేయలేదు. చేయను కూడా.